రోడ్డు అలైన్‌మెంట్ వెంట పురావస్తు సర్వే: 70 మీటర్ల పట్టీలో నడిస్తే సరిపోతుందా?

చెలకబాట
నాలుగు వరుసల కొత్త రోడ్డు, గ్రీన్‌ఫీల్డ్ (పాత రోడ్డు లేని చోట కొత్తగా వేసేది). తెలంగాణ పడమటి వైపు, 42 కిలోమీటర్లు. రోడ్డు కోసం తీసుకునే భూమి వెడల్పు 70 మీటర్లు. పాత స్థలాల కోసం నడిచి చూసేవాళ్లం ఐదుగురం. డీపీఆర్ (రోడ్డు వివర ప్రణాళిక) కన్సల్టెంటేమో "మీకిచ్చింది 70 మీటర్ల పట్టీ, అందులోనే నడవండి, రక్షిత కట్టడాలు 300 మీటర్లలోపు లేవు అని రాసివ్వండి, అయిపోతుంది" అంటున్నాడు. సగం దూరం ఎర్ర చెలక, పావు వంతు రేగడి, మిగతాది వరి మాగాణి. ఇంకా 3ఎ నోటిఫికేషన్ (భూసేకరణకు మొదటి ప్రకటన) రాలేదు, అలైన్‌మెంట్ (రోడ్డు పోయే గీత) కాగితం మీదే ఉంది. ఎంత వెడల్పు నడవాలి, మనిషికీ మనిషికీ ఎంత ఎడం ఉండాలి, ఎన్ని రోజులు అడగాలి? లెక్కతో చెప్పండి, అదే తీసుకెళ్లి ఆయన ముందు పెడతా.

జీఐఎస్_సుధ
ఐదుగురు 15 మీటర్ల ఎడంతో నడిస్తే ఒక్క విడతలో 75 మీటర్లు. నేల బాగా కనిపించే చోట రాసుకుంటూ, ఫొటోలు తీసుకుంటూ రోజుకు 4 కిలోమీటర్లు పోవచ్చు. అంటే రోజుకు 30 హెక్టార్లు. మీ పట్టీ మొత్తం 294 హెక్టార్లు, కాబట్టి పది రోజులు. అదే ఎడంతో 500 మీటర్ల వెడల్పు నడవాలంటే 2,100 హెక్టార్లు, 70 రోజులు అవుతుంది. దానికి ఎవరూ ఒప్పుకోరు.

అందుకని పట్టీ లోపల 15 మీటర్ల ఎడం, పట్టీకి అటూ ఇటూ 215 మీటర్ల దాకా 50 మీటర్ల ఎడం పెట్టండి. బయటి భాగంలో రోజుకు 5 కిలోమీటర్లు నడవగలరు, రెండు వైపులకూ 17 రోజులు. మొత్తం 27. ఊళ్ల దగ్గర, వాగుల దగ్గర, మడుల గట్ల మీద నడక మందగిస్తుంది, దానికి ఇంకో పావు వంతు కలిపి 34 అడగండి.

నలుపుఎరుపు
సుధ గారూ, 50 మీటర్ల ఎడంతో నేను ఏకీభవించను. నడిచే మనిషికి అటు 2, ఇటు 2 మీటర్లే గట్టిగా కనిపిస్తాయి. 10 మీటర్ల వ్యాసం ఉన్న పాత కుండ పెంకుల మచ్చ ఒకటి ఉందనుకోండి. 15 మీటర్ల ఎడంలో అది ఎవరో ఒకరి కంట పడే అవకాశం 93 శాతం. 30 మీటర్లలో 47. 50 మీటర్లలో 28. మూడింట రెండు వంతులు వదిలేసి దాన్ని సర్వే అంటే ఎలా?

జీఐఎస్_సుధ
మీ లెక్క సరైనదే. కానీ బయటి పట్టీలో మనం వెతికేది 10 మీటర్ల మచ్చల్ని కాదు, దిబ్బల్ని, రాకాసి గుళ్ల (పెద్ద రాళ్లు పేర్చిన పాత సమాధుల) సమూహాల్ని, పాడుబడ్డ ఊళ్లని. 60 మీటర్ల దిబ్బ 50 మీటర్ల ఎడంలో తప్పించుకోలేదు. రాళ్ల వలయాలు మోకాలెత్తు ఉన్నా వంద మీటర్ల నుంచి కనిపిస్తాయి. చిన్న మచ్చలు వదిలేస్తున్నామని రిపోర్టులో ఎడంతో సహా రాయాలి, అది తప్పనిసరి. "సర్వే చేశాం, ఏమీ లేదు" అన్న వాక్యం పక్కన ఎడం రాయకపోతే ఆ వాక్యానికి అర్థమే లేదు.

నలుపుఎరుపు
ఆ మాట రిపోర్టు మొదటి పేజీలో ఉంటే ఒప్పుకుంటా. ఇంకోటి, నేల కనిపించే శాతం కూడా ప్రతి చేనుకూ రాయండి. దున్నిన చెలక 80-90, పత్తి కట్టె నిలబడి ఉంటే 40, గడ్డి బీడు 20, నాటిన మడి సున్నా. సున్నా వచ్చిన చోట "అవశేషాలు లేవు" అనకూడదు, "చూడలేకపోయాం" అనాలి.

పాటిదిబ్బ
అన్నా, నడక మొదలుపెట్టక ముందే సగం పని ఆఫీసుల అయితది. గ్రామ నక్షా, పహాణీ ముందటేసుకుని అలైన్‌మెంట్ పోయే ప్రతి ఊరికి చేన్ల పేర్లు రాసుకో. పాటి చెలక (పాటి అంటే పాత ఊరి దిబ్బ), గడ్డ చేను, బూడిద గడ్డ, కోట చేను, రాకాసి బండ అని పేరున్న సర్వే నంబరు ఒక్కటి కూడా ఇడిచిపెట్టొద్దు. నిజాం కాలం రెవెన్యూ రికార్డుల్ల బేచిరాగ్ అని రాసిన ఊళ్లుంటయి, అంటే దీపం లేని ఊరు, మనుషులు ఇడిచిపెట్టి పోయిన ఊరు. ఆ హద్దుల్ల ఎక్కడనో ఒక దిబ్బ ఉండనే ఉంటది. పెద్దమనుషుల్ని అడిగేటప్పుడు "పురాతన స్థలం ఉందా" అంటే లేదంటరు. "పాటిమన్ను ఎక్కడికెళ్లి తోలుకునేటోళ్లు" అని అడుగు, సక్కగ తీస్కపోయి సూపిస్తరు.

రేగడిమట్టి
పాటిదిబ్బ గారి మాటకు ఒక జాగ్రత్త జోడిస్తా. పాటిమన్ను ఎరువుగా చేలకు తోలారంటే దిబ్బలోని పెంకులు కూడా చేలకు చేరాయనే కదా. కాబట్టి చేలో పెంకులు కనిపించగానే అది స్థలం అని గుర్తు పెట్టేయకండి. తోలిన మన్నుతో వచ్చిన పెంకులు చిన్నవిగా, అంచులు అరిగి, చేనంతా పలచగా ఒకే తీరున ఉంటాయి. వాటితో పాటు గాజు ముక్కలు, పింగాణీ కూడా దొరుకుతాయి. అసలు స్థలంలో పెంకులు పెద్దవి, విరిగిన అంచు పదునుగా ఉంటుంది, మధ్యలో దట్టంగా ఉండి అంచులకు పోయేకొద్దీ తగ్గిపోతాయి. తేల్చుకోవడానికి 20 మీటర్లకొకసారి 2 మీటర్ల వ్యాసం గుండ్రం గీసి లెక్కపెట్టండి. కొయ్యకు మీటరు తాడు కట్టి తిప్పితే చాలు, 3.14 చదరపు మీటర్లు వస్తాయి. అంకెలు వరసగా 2, 3, 2, 3 అంటూ పోతే ఎరువు. 2, 9, 31, 12, 3 అని లేచి పడితే స్థలం.

చెలకబాట
ఇది చాలా పనికొచ్చేది. లెక్కపెట్టిన పెంకులు అక్కడే వదిలేయాలా, తీసుకోవాలా?

నలుపుఎరుపు
లెక్కపెట్టి అక్కడే వదిలేయండి. కాలం చెప్పగలిగే ముక్కలు మాత్రం తీసుకోండి: మూతి అంచులు, అడుగులు, గీతలూ ముద్రలూ ఉన్నవి, లోపల నలుపు బయట ఎరుపు ఉన్నవి, నునుపుగా మెరుగు పెట్టిన బూడిద రంగువి. స్థలానికి 25-30 ముక్కలు చాలు. బస్తాలకొద్దీ ఏరుకొచ్చి గోడౌన్‌లో పడేస్తే రేపు ఇంకొకరు వెళ్లి చూసేటప్పటికి నేల మీద ఆధారమే మిగలదు.

చీటీ మీద మార్కర్‌తో రాయకండి, ఎండకు రెండు నెలల్లో వెలిసిపోతుంది. మెత్తటి పెన్సిల్‌తో రాసి ఒక చీటీ సంచిలో, ఇంకొకటి బయట కట్టండి. పెంకులు తడిగా ఉంటే ప్లాస్టిక్ సంచి మూతి బిగించొద్దు, బూజు పట్టి చీటీని తినేస్తుంది.

కిలోమీటరురాయి
రోడ్డు కట్టే వైపు నుంచి ఒక మాట. మీరందరూ సెంటర్‌లైన్ చుట్టూ తిరుగుతున్నారు. రోడ్డు వల్ల స్థలాలు ఎక్కువగా పోయేది సెంటర్‌లైన్ మీద కాదు, మట్టి తవ్వే చోట. రోడ్డు కింద పోసే కట్ట సగటు ఎత్తు 2 మీటర్లు, సగటు వెడల్పు 30 మీటర్లు అనుకోండి. కిలోమీటరుకు 60,000 ఘనపు మీటర్ల మట్టి కావాలి. 2 మీటర్ల లోతు తవ్వితే కిలోమీటరుకు 3 హెక్టార్లు, ఏడెకరాల పైచిలుకు. 42 కిలోమీటర్లకు 126 హెక్టార్లు. మీ 70 మీటర్ల పట్టీలో దాదాపు నలభై మూడు శాతమంత భూమి పట్టీ బయట తవ్వుతారన్నమాట, దాన్ని ఎవరూ నడిచి చూడరు. గుట్ట కోత మట్టి కొంత కలిసొస్తుంది గానీ మీ చదును నేలలో అది తక్కువే.

కాంట్రాక్టరు మట్టి కోసం ఎలాంటి చోటు వెతుకుతాడు? చుట్టుపక్కల కంటే ఎత్తుగా ఉండాలి, పంట సరిగా పండకూడదు, లారీ దారి ఉండాలి, రైతు త్వరగా ఒప్పుకోవాలి. ఎత్తు తగ్గితే నీళ్లెక్కుతాయని రైతు తానే అడిగి తవ్విస్తాడు. పాత దిబ్బకు ఈ లక్షణాలన్నీ ఉన్నాయి. ఇక రాకాసి గుళ్ల రాళ్లు క్రషర్‌కు పోతాయి, లేదంటే రివిట్‌మెంట్ (కట్ట వాలుకు రాళ్ల పరుపు) కింద పేరుస్తారు. క్యాంపు, బ్యాచింగ్ ప్లాంటు (కాంక్రీటు కలిపే చోటు), లారీల దారి కూడా పట్టీ బయటే.

రేగడిమట్టి
నిజమే, కానీ కాంట్రాక్టరు మట్టి చోట్లు ఎంచుకునేది సర్వే అయిన ఏడాది రెండేళ్లకు. అప్పటికి చెలకబాట టీము ఎక్కడుంటుందో! ఇప్పుడు లేని చోటును ఇప్పుడెలా నడుస్తారు?

కిలోమీటరురాయి
రెండు పనులు ఇప్పుడే చేయించొచ్చు. ఒకటి, పర్యావరణ నిర్వహణ ప్రణాళికలో షరతు పెట్టించడం. మట్టి చోటు ఆమోదానికి కాంట్రాక్టరు ఎలాగూ సర్వే నంబరు, రైతు ఒప్పంద పత్రం, మట్టి పరీక్ష ఫలితం ఇంజనీరుకు ఇవ్వాలి. ఆ ఫారంలో పురావస్తు పరిశీలన అని ఒక గడి చేరిస్తే చాలు. 3 హెక్టార్లు నడవడానికి సుధ గారి లెక్క ప్రకారం ఐదుగురికి గంట పని. రెండోది, "ఈ సర్వే నంబర్లలో మట్టి గానీ రాయి గానీ తీయరాదు" అన్న జాబితా టెండరు పత్రాల్లోనే చేర్చడం. టెండరులో ఉంటే కాంట్రాక్టరు ధర వేసేటప్పుడే వేరే చోటు చూసుకుంటాడు. పని మొదలయ్యాక చెబితే అదనపు డబ్బు అడుగుతాడు, గొడవ మొదలవుతుంది.

జాబితాలో అలైన్‌మెంట్‌కు అటూ ఇటూ కనీసం 5 కిలోమీటర్ల లోపు ఊళ్లన్నీ ఉండాలి. మట్టిని అంతకంటే దూరం నుంచి తోలడం కాంట్రాక్టరుకు బరువు.

పాటిదిబ్బ
కిలోమీటరురాయి సార్, గీ ముచ్చట మా దిక్కు ప్రతి పీడీ (రోడ్డు ప్రాజెక్టు డైరెక్టరు) ఆఫీసుల గోడకు అంటించాలె. 5 కిలోమీటర్లు నడిచేది కాదు, పహాణీ పేర్లు, బేచిరాగ్ జాబితా, పెద్దమనుషుల మాటతోని ఆ జాబితా తయారైతది. అనుమానమున్న దిబ్బల కాడికి మాత్రం బండి మీద పోయి సూసి రావాలె.

నకలుపత్రం
చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు. కన్సల్టెంట్ చెప్పే 300 మీటర్లు ఎక్కడిదంటే, ప్రాచీన స్మారకాల చట్టం 1958కి 2010లో వచ్చిన సవరణ. కేంద్ర రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, దాని తర్వాత మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం, అక్కడ జాతీయ స్మారకాల ప్రాధికార సంస్థ అనుమతి కావాలి. తెలంగాణలో కేంద్ర రక్షిత కట్టడాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. చార్మినార్, రామప్ప, వేయిస్తంభాల గుడి మీ చెలకలో ఎలాగూ ఉండవు కాబట్టి ఆ వాక్యం ఎప్పుడు రాసినా నిజమే అవుతుంది, ఎవరికీ ఉపయోగపడదు. రాష్ట్ర జాబితా వేరు, దానికి తెలంగాణ వారసత్వ చట్టం 2017 ఉంది. అది కూడా చూడాలి.

అసలు పోతున్నవి ఏ జాబితాలోనూ లేనివి. వాటికి చట్టం ఇచ్చే రక్షణ చాలా తక్కువ. కాబట్టి మీ చేతిలో ఉన్న బలం సమయం. జాతీయ రహదారుల చట్టం 1956 కింద 3ఎ వచ్చాక ఏడాదిలోపు 3డి రావాలి, లేకపోతే 3ఎ చెల్లదు. 3డితో భూమి కేంద్ర ప్రభుత్వానిది అయిపోతుంది. 3ఎ రాకముందు గీతను 80 మీటర్లు పక్కకు జరపడమంటే డ్రాయింగు మార్చడమే. 3డి తర్వాత అదే 80 మీటర్లకు కొత్త నోటిఫికేషన్లు, కొత్త అభ్యంతరాలు, కోర్టు. మీ రిపోర్టు 3ఎ కంటే ముందు వాళ్ల బల్ల మీద ఉండాలి. మొత్తం పూర్తయ్యేదాకా ఆగొద్దు, జరపాల్సిన చోట్లు దొరికిన వారంలోనే ఛైనేజీతో (రోడ్డు మొదటి నుంచి ఎన్నో కిలోమీటరో చెప్పే అంకెతో) సహా ఉత్తరం రాయండి.

కిలోమీటరురాయి
ఛైనేజీ మాట చాలా ముఖ్యం. "ఫలానా ఊరికి ఉత్తరాన వాగు ఒడ్డున" అని రాస్తే డిజైన్ ఇంజనీరు చదవడు. "కి.మీ. 17.340 నుంచి 17.460, ఎడమ వైపు, సెంటర్‌లైన్ నుంచి 12 మీటర్ల నుంచి 95 మీటర్ల దాకా" అని రాయండి, వెంటనే డ్రాయింగు తెరుస్తాడు. జరపగలరా లేదా అన్నది వంపు వ్యాసార్థం మీద ఆధారపడుతుంది. తిన్నటి భాగంలో తేలిక. పెద్ద వంతెన దగ్గర, ఇంటర్‌ఛేంజ్ దగ్గర కష్టం. అందుకే వాగు దాటే చోట్లు ముందు నడవండి. పాత ఊళ్లు ఉండేదీ వాగు ఒడ్డునే, రోడ్డు జరపలేనిదీ అక్కడే.

తేమ్స్_తెలుగు
ఇంగ్లండులో 1990 నుంచి కట్టేవాడే పురావస్తు ఖర్చు పెట్టుకునే పద్ధతి. నడక సర్వే తర్వాత జియోఫిజిక్స్ (తవ్వకుండా పరికరాలతో నేల లోపల చూడడం), ఆపైన 30 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు ట్రెంచీలు (పరీక్ష కందకాలు), భూమిలో 2 నుంచి 5 శాతం దాకా తెరిచి చూస్తారు. మీరు నడకతోనే తేల్చేస్తున్నారు. నేల కింద ఉన్నది పైకి కనిపించకపోతే?

నలుపుఎరుపు
మంచి ప్రశ్న. అయితే ఇక్కడ ట్రెంచీ కాదు, గంపెడు మట్టి తీయాలన్నా ఏఎస్‌ఐ (భారత పురావస్తు శాఖ) తవ్వకపు లైసెన్సు కావాలి. ఉపరితల అన్వేషణకు కూడా అనుమతి తీసుకునే వెళ్లాలి, కానీ ఆ కాగితంతో తవ్వడం కుదరదు. చేతి బోరు కూడా వేయొద్దు.

రేగడిమట్టి
తవ్వకుండానే నేల కింద చూడొచ్చు, వేరేవాళ్లు తవ్వినవి ఉన్నాయి కదా. రేగడి ఎండాకాలంలో మీటరు లోతు దాకా పగులుతుంది. చిన్న పెంకులు, రాతి పలుకులు ఆ పగుళ్లలో పడిపోతాయి, పెద్దవి పైకి తేలతాయి. అందుకని రేగడిలో పైన పది పెంకులు దొరికితే చెలకలో వంద దొరికినట్టు లెక్క. అక్కడ చేను కంటే వ్యవసాయ బావుల గట్లు, ఫారం పాండ్ల గోడలు, పైపులైను కందకాల మట్టి చూడండి. ఫారం పాండ్ గోడ రెండు మూడు మీటర్లు నిలువునా కోసి ఉంటుంది. గడ్డి తుడిచి, నీళ్లు చిలకరించి పది నిమిషాలు ఆగితే పొరల రంగులు విడిపోతాయి: బూడిద పొర, కాలిన మట్టి, ఎముకలు. టేపు పెట్టి ఫొటో తీయండి, గోడను మాత్రం గీకకండి.

జీఐఎస్_సుధ
తేమ్స్ గారు చెప్పిన జియోఫిజిక్స్ ఇక్కడ అన్ని చోట్లా పనిచేయదు. రాడార్ తడి రేగడిలో అడుగు దాటి పోదు, బంకమట్టి తరంగాన్ని తాగేస్తుంది. ఎండిన ఎర్ర నేలలో బాగుంటుంది. మాగ్నెటోమీటర్ (నేలలో అయస్కాంత తేడాలు కొలిచే పరికరం) కొలుముల్ని, చిట్టెం (ఇనుము కరిగించగా మిగిలిన మడ్డి) కుప్పల్ని పట్టేస్తుంది, కానీ మన గ్రానైటు మధ్య నల్లరాయి డైకులు (గోడల్లాంటి రాతి చారలు) అడ్డంగా పోతుంటాయి, బోరు కేసింగు పైపులుంటాయి. వాటి గోలలో చిన్న గుర్తులు మునిగిపోతాయి.

మీకు ఉచితంగా దొరికేది ఇంకొకటుంది. ఇప్పటి డీపీఆర్‌లకు చాలావరకు లైడార్‌తో (పై నుంచి లేజరుతో నేల ఎత్తులు కొలిచే పద్ధతి) టోపోగ్రాఫిక్ సర్వే చేస్తున్నారు. కన్సల్టెంట్ దగ్గర ఆ నేల మోడల్ ఉంటుంది. అడిగి తీసుకుని, వెలుతురు కోణాన్ని 15 డిగ్రీలకు దించి నీడల పటం చేయండి. అర మీటరు ఎత్తు దిబ్బ, వలయం, పాత కట్ట ఆనవాలు కూడా తేలిపోతాయి. ఆయన ఆ డేటాను రోడ్డు డిజైనుకే వాడుకుంటాడు.

చెలకబాట
లైడార్ ఉందని ఆయనే చెప్పాడు. అడుగుతా. సుధ మేడం, పాత టోపోషీట్ల మీద అలైన్‌మెంట్ వేస్తే గుడి ఒకచోట, నేల మీద ఇంకొకచోట వస్తోంది. ఎందుకు?

జీఐఎస్_సుధ
రెండు కారణాలు ఉండొచ్చు. పాత టోపోషీట్లు ఎవరెస్ట్ డేటమ్ (కొలతలకు పునాదిగా తీసుకునే భూమి నమూనా) మీద గీసినవి, మీ జీపీఎస్ డబ్ల్యూజీఎస్ 84 ఇస్తుంది. మార్చకుండా కలిపితే మన దగ్గర వంద మీటర్లకు పైనే జరిగిపోతుంది. మీ పట్టీయే 70 మీటర్లు, చూసుకోండి.

రెండోది పడమటి తెలంగాణకు ప్రత్యేకం. యూటీఎంలో (భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో చోటు చెప్పే పద్ధతి) 78 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర జోను మారుతుంది. హైదరాబాదు 44లో ఉంది, మక్తల్, నారాయణపేట, జహీరాబాదు 43లో ఉన్నాయి. అలైన్‌మెంట్ ఆ గీతను దాటితే సగం బిందువులు ఒక జోనులో, సగం ఇంకో జోనులో పడతాయి, పటం మీద వందల కిలోమీటర్ల అవతల తేలతాయి. ఫీల్డ్‌లో డిగ్రీల్లోనే రాసుకోండి, దశాంశం తర్వాత ఆరు అంకెలు. ఆఫీసుకొచ్చాక మొత్తం ఒకే జోనులోకి మార్చుకోండి. చేతి జీపీఎస్‌కు 3 నుంచి 5 మీటర్ల తేడా ఉంటుంది. అది నడకకు చాలు, స్థలం హద్దుకు మాత్రం డీజీపీఎస్ (ఇంకా కచ్చితంగా కొలిచే జీపీఎస్) పెట్టాలి. 12 మీటర్లా 7 మీటర్లా అన్న దాని మీదే రోడ్డు జరుగుతుందా లేదా అన్నది తేలుతుంది.

వీరగల్లు
పడమటి వైపు అంటున్నారు కాబట్టి బూడిద దిబ్బల సంగతి గుర్తుపెట్టుకోండి. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వింది అలాంటిదే (ఆదిలాబాద్ ఉట్నూరు వేరు). కొత్తరాతియుగపు పశువుల దొడ్డి, ఏళ్లతరబడి పేరుకున్న పేడ కాలి దిబ్బయింది. పశువుల గిట్టల గుర్తులు కూడా ఆ పొరల్లో దొరికాయి. పైకి చూస్తే సున్నపు బట్టీ బూడిద అనో ఇనుప చిట్టెం అనో పొరబడతారు. ముక్క చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది: చిట్టెం బరువు, నల్లగా కారి గడ్డకట్టినట్టుంటుంది, చాలాసార్లు అయస్కాంతానికి స్పందిస్తుంది. బూడిద దిబ్బ ముక్క తేలిక, తెల్లగా బూడిదరంగుగా నురగ గట్టిపడినట్టు, బుడగల గుంతలతో ఉంటుంది. చిన్న అయస్కాంతం సంచిలో ఉంచుకోండి. ఫోను ఉన్న జేబులో మాత్రం వద్దు, ఉత్తర దిక్కు కూడా జేబులోకే వచ్చేస్తుంది.

పాటిదిబ్బ
😄 నిజమే, దిక్సూచి పిచ్చిదైతది.

చెలకబాట
రాళ్ల కుప్పలతో నాకు ఇబ్బంది. చేను బాగుచేసి రైతు వేసిన కుప్పకూ, రాకాసి గుడికీ తేడా దూరం నుంచి తెలియడం లేదు.

వీరగల్లు
దూరం నుంచి తెలియదు, దగ్గరికి పోవాల్సిందే. రైతు కుప్ప గట్టు మీదో, చేను మూలనో, దున్నలేని బండ మీదో ఉంటుంది. పిడికెడు రాయి నుంచి మోయగలిగినంత రాయి దాకా కలగలిసి ఉంటాయి, నాగలి గీతలు కనిపిస్తాయి, రాయి తిప్పితే అన్ని వైపులా ఒకే రంగు. రాకాసి గుడికి బయటి వలయం రాళ్లు పెద్దవి, ఒక్క మనిషి కదపలేనివి, భూమిలో దిగి ఉంటాయి. పైభాగం నాచు పట్టి నల్లబడి, మట్టిలో ఉన్న భాగం ఎర్రగా ఉంటుంది. ఆ రెండు రంగుల మధ్య గీత అన్ని రాళ్లకూ ఒకే మట్టంలో ఉంటే, ఆ వలయాన్ని ఎవరూ కదపలేదని అర్థం.

చిక్కు ఎక్కడంటే, చాలా చోట్ల రైతు తన కుప్పను పాత వలయం మధ్యలోనే పోస్తాడు, అక్కడ ఎలాగూ దున్నలేడు కాబట్టి. కాబట్టి పైన కొత్త రాళ్లున్నాయని కొట్టేయొద్దు, చుట్టూ తిరిగి వలయం వెతకండి. నాలుగైదు పెద్ద రాళ్లు వంపుగా దొరికినా వ్యాసం కట్టొచ్చు. ఒకటి దొరికితే చుట్టూ 200 మీటర్లు 5 మీటర్ల ఎడంతో నడవండి, అవి ఒంటరిగా ఉండడం అరుదు. నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి, అందరూ పెద్ద రాళ్లనే చూస్తారు. చుట్టూ వరుసలుగా పేర్చిన చిన్న రాళ్లు కూడా అందులో భాగమే, చేను చదును చేసేటప్పుడు ముందు పోయేవి అవే.

తేమ్స్_తెలుగు
రోడ్డు జరపడం కుదరకపోతే రాళ్లు తరలించలేరా? శ్రీశైలం ముంపులో గుళ్లు తరలించారు కదా.

వీరగల్లు
కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ అంకె వేసి అలంపురంలో మళ్లీ కట్టారు. గుడికి అది కుదిరింది. సమాధికి కుదరదు. అక్కడ అసలు విషయం మట్టిలో ఉంది: ఎముకల వరుస, కుండల వరుస, వాటి కింద నింపిన మట్టి. రాళ్లు మాత్రం తీసుకెళ్లి పార్కులో గుండ్రంగా పెడితే మిగిలేది రాళ్లే. తప్పనిసరైతే ముందు లైసెన్సుతో పూర్తి తవ్వకం, ఆ తర్వాతే రాళ్ల తరలింపు. దానికి సమయం ఎంత కావాలో ముందే చెప్పండి. 2017లో సిద్దిపేట దగ్గర నర్మెట్టలో నలభై టన్నులకు పైబడిన కప్పుబండను క్రేన్ పెట్టి లేపాల్సి వచ్చింది, అది పారతో అయ్యే పని కాదు. నాగార్జునకొండలో ముంపుకు ముందు 1954 నుంచి 1960 దాకా తవ్వారు.

వీరగల్లులు (చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్లు), విడి శాసనాలు వేరు. వాటిని ఊరివాళ్లు ఒప్పుకుంటే అదే ఊళ్లో గుడి దగ్గరో పంచాయతీ దగ్గరో నిలబెట్టొచ్చు. పూజలో ఉన్నదైతే ఊరు చెప్పిన రోజునే కదపాలి. జిల్లా కేంద్రానికి తీసుకెళ్తామంటే ఎవరూ ఇవ్వరు, ఇవ్వకపోవడమే న్యాయం కూడా.

నకలుపత్రం
శాసనం దొరికితే అక్షరాల్లో సుద్ద, సున్నం, పిండి రుద్దొద్దు. పొద్దున ఏడుకో సాయంత్రం ఐదుకో ఏటవాలు ఎండలో తీయండి, లేదా చీకటి పడ్డాక టార్చి పక్క నుంచి పట్టి నాలుగు వైపులా నాలుగు ఫొటోలు తీయండి. చెరువు తూముల రాళ్లు కూడా చూడండి, పట్టీ దగ్గర్లో చెరువుంటే తూము దాకా నడవాలి.

పాటిదిబ్బ
ఒక ముఖ్యమైన ముచ్చట మర్చిపోతున్నరు. ఊళ్లె టేపు, జీపీఎస్ పట్టుకుని దిగంగనే భూసేకరణోళ్లు వచ్చిండ్రని జనం చుట్టుముడతరు. భూమి పోతదని వాళ్ల బాధ వాళ్లది, కోపం పడొద్దు. ముందురోజు సర్పంచుకు, వీఆర్‌వో పని చూసేటాయనకు కాగితం సూపియ్యాలె. మేము కొలిచేది హద్దు కాదు అని రైతు ముందట్నే టేపు మడిచిపెట్టాలె. డ్రోను మొదటిరోజే లేపొద్దు.

ఇంకోటి, స్థలం దొరికిన కాడ జెండాలు, రంగు గుర్తులు, కొయ్యలు ఇడిచిపెట్టి రావొద్దు. రాత్రికి రాత్రి గుప్తనిధులని తవ్వుతరు. ఫొటోలు వాట్సాప్ల పెట్టొద్దు, లొకేషన్‌తోని అసలే పెట్టొద్దు.

నలుపుఎరుపు
అలా దాచిపెడితే ఊరివాళ్లకే తెలియకుండా స్థలం పోతుంది కదా పాటిదిబ్బ గారూ. తెలిస్తేనే కాపాడతారు. జేసీబీ వచ్చిన రోజు మనం అక్కడ ఉండం, వాళ్లుంటారు.

పాటిదిబ్బ
ఊరికి చెప్పాలె, ఇంటర్నెట్‌కు చెప్పొద్దు. అంతే నేననేది. బడిల, గ్రామసభల ఇది సమాధి, దీంట్ల బంగారం ఉండదు, కుండలూ ఎముకలే ఉంటయి అని ఖుల్లంఖుల్లా చెప్పాలె. బహిరంగ రిపోర్టుల ఊరి పేరు రాయి, అక్షాంశ రేఖాంశాలు మాత్రం శాఖకు, రోడ్డు ఆఫీసుకు ఇచ్చే కాపీలనే ఉండాలె.

నలుపుఎరుపు
అలాగైతే సరే.

కిలోమీటరురాయి
పని మొదలయ్యాక దొరికేవాటి సంగతి కూడా రాయండి. రోడ్డు కట్టే కంపెనీతో చేసుకునే కన్సెషన్ ఒప్పందాల్లో భూగర్భ, పురావస్తు వస్తువులు ప్రభుత్వానివి, పాడుకాకుండా చూసి కబురు చెప్పాలి అని షరతు ఉంటుంది. కానీ జేసీబీ ఆపరేటరుకు ఆ కాగితం చేరదు. ఒక్క పేజీ, పెద్ద అక్షరాలు, బొమ్మలతో: వలయం, పెద్ద ఇటుకల గోడ, ఎముకలు, కుండలు, చెక్కిన రాయి, నాణేలు. కనిపిస్తే బకెట్ ఎత్తి ఆపు, చుట్టూ 30 మీటర్లు తాడు కట్టు, సైట్ ఇంజనీరుకు ఫోన్ చెయ్. తెలుగుతో పాటు హిందీలో, ఒడియాలో కూడా అచ్చు వేయించండి, యంత్రాల మీద పనిచేసేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. పని ఆగిన గంటలకు ఆపరేటరు బత్తా కోయకూడదని కూడా అదే పేజీలో రాయించండి. కోస్తారని తెలిస్తే ఎవరూ ఆపరు.

నకలుపత్రం
నిధి లాంటిదేదైనా దొరికితే 1878 నాటి నిధుల చట్టం వర్తిస్తుంది. నేలలో దాగి ఉన్నది పది రూపాయల విలువ దాటితే దొరికినవాడు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఇప్పటికీ అదే పది రూపాయలు. కాబట్టి నాణెం ఒక్కటైనా నోటిమాటతో వదిలేయొద్దు.

చెలకబాట
నాకు స్పష్టత వచ్చింది. మొదట ఆఫీసులో చేన్ల పేర్లు, బేచిరాగ్ జాబితా, లైడార్ నీడలు. తర్వాత వాగు దాటే చోట్లు, ఆపైన పట్టీ 15 మీటర్లతో, పక్కలు 50తో. 34 రోజులు అడుగుతా. మట్టి చోట్లకు షరతు వేరే ఉత్తరంగా ఇస్తా. కాలం ఎప్పుడు పెట్టుకోమంటారు? వాళ్లు నవంబరు అంటున్నారు.

రేగడిమట్టి
నవంబరులో పత్తి నిలువెత్తు ఉంటుంది, వరి కోతలో ఉంటుంది, కంది పూతకొస్తుంది. చెలకలో సగం కనిపించదు. మార్చి మధ్య నుంచి మే దాకా పెట్టుకోండి. పత్తి కట్టె పీకేసి ఉంటారు, ఎండాకాలం దుక్కులు దున్నుతారు. దున్నిన తర్వాత ఒక్క వాన పడితే ఇంకా మంచిది, దుమ్ము కడిగిపోయి పెంకులు బయటపడతాయి. పొద్దున ఆరు నుంచి పదిన్నర, సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర. నడినెత్తిన ఎండ ఉంటే నీడ లేక రాతి పలుకులు కనిపించవు, మనుషులకూ ప్రమాదం. యాసంగి వరి మాగాణి ఏప్రిల్ చివర్లో కోస్తారు, ఆ పావు వంతును ఆఖరుకు పెట్టుకోండి. కోసిన మడిలో కొయ్యకాళ్ల మధ్య పెద్దగా కనిపించదు, గట్లు చూడండి.

జీఐఎస్_సుధ
నవంబరే ఖాయమంటే రెండు విడతలు అడగండి. ఆఫీసు పని, వాగులు, బీళ్లు, రాళ్ల వలయాలు నవంబరులో చేసి మధ్యంతర రిపోర్టు ఇవ్వండి. నేల 50 శాతం కంటే తక్కువ కనిపించిన చేలను పటం మీద ఎర్రగా గుర్తించి, మార్చిలో అవి మాత్రమే మళ్లీ నడవండి. 3ఎ మధ్యలో వచ్చినా మధ్యంతర రిపోర్టు ఫైలులో ఉంటుంది.

చెలకబాట
ఇదే చేస్తా. చివరిది, ఏరిన పెంకులు ఎవరికి ఇవ్వాలి? కన్సల్టెంట్ తన ఆఫీసులో పెట్టుకుంటానంటున్నాడు.

నలుపుఎరుపు
ఇవ్వకండి. అనుమతి ఉత్తరంలో ఏ కార్యాలయానికి అప్పగించాలో రాసి ఉంటుంది, అక్కడికే. స్థలం సంఖ్య, సంచి సంఖ్య, ముక్కల లెక్క ఉన్న జాబితా రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద సంతకం, ముద్ర వేయించుకోండి. ఆ ప్రతి రిపోర్టుకు జతచేయండి.